ఆనపకాయ తినని వాళ్ళం

కాసాయి నది పొంగి పాన్స్‌కుడా ఊరు ఊరంతా నీళ్ళలో మునిగిన ఏడు ఇది జరిగింది. చదువుకున్నవాళ్ళు డెబ్బై ఎనిమిది అంటారు. మాకు అది పెద్దవరద ఏడు. ఆ ఏడే నా చేతిలోంచి కీమేన్ సుత్తి లాక్కుని నన్ను గ్యాంగులో రాళ్ళు మొయ్యడానికి వేశారు. దానికి నాకు విచారం లేదు. నా కోపం వేరే. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు కాబట్టి రాస్తున్నాను. నేను బడికి వెళ్ళింది మూడేళ్ళు. అందులో సగం రోజులు గేదెల వెనకే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఖరగ్‌పూర్‌లో నాది రైలుపట్టా మీద పని. పట్టాని స్లీపరుకి బిగించి ఉంచే ఇనప కీలు బళ్ళ అదురుకి వదులైపోతాయి. వాటిని సుత్తితో కొట్టి బిగించేవాడే కీమేన్. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని, రెండు ఎర్రజెండాలూ ఒక పచ్చజెండా చంకలో పెట్టుకుని మూడు మైళ్ళు వెళ్ళాలి, మూడు మైళ్ళు రావాలి. దారిలో మాట్లాడ్డానికి మనిషి ఉండడు. నాకు అదే బాగుండేది.

మా అన్న గణపతిరావు అలా కాదు. మెట్రిక్ ప్యాసయ్యాడు. వర్క్‌షాపులో టైమ్‌కీపరు. సుభాష్‌పల్లిలో సొంత ఇల్లు. మా కులసంఘానికి సెక్రటరీ, యూనియన్‌లో ముందు వరస మనిషి. అన్నదమ్ములిద్దరి మాటలూ దేవుడు ఆయన ఒక్కడి నోట్లోనే పోశాడని మా అమ్మ అనేది.

ఆషాఢంలో యూనియన్ ఆఫీసులో సభ పెట్టారు. ఆఫ్రికావాళ్ళ స్వాతంత్ర్య పోరాటానికి మద్దతు సభ. మా పక్కనే ఉన్న హిజిలీలో ఇంజనీరు చదువు చదివే కుర్రవాడొకడు మాట్లాడడానికి వచ్చాడు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. రంగు మా రంగే. జుట్టు మాత్రం మిరియాలు ఒలకబోసినట్టు చిన్న చిన్న ఉంగరాలు. ఇంగ్లీషులో చెప్పాడు, ఒకాయన హిందీ చేశాడు. వాళ్ళ దేశంలో రెండేళ్ళ కిందట బడిపిల్లలు వీధిలోకి వస్తే పోలీసులు కాల్చేశారని చెప్పాడు. గొంతు పెంచలేదు. చచ్చిపోయిన పిల్లల వయసులు మాత్రం ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. పదమూడు. పదిహేను. పన్నెండు.

అతనికి దండ వేసింది మా అన్నే. "తెల్లదొరల రంగుభేదం" అని అరిచింది కూడా ఆయనే. మేమంతా "నశించాలి" అన్నాం.

తర్వాత వరండాలో అడ్డాకుల విస్తళ్ళు వేసి కిచిడీ, ఆనపకాయ కూర వడ్డించారు. ఆ కుర్రవాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను కూర పక్కకి తోసేశాను. మా ఇంటిపేరువాళ్ళం ఆనపకాయ తినం. ఎందుకు తినమో ఎవరికీ తెలీదు. దాని పాదు మా ఇంటిమీదకి పాకనివ్వం, ఎవరైనా కోసి ఇచ్చినా పుచ్చుకోం. మా ఇంటికి అచ్చిరాదు, అంతే.

అతని విస్తట్లో కూడా కూర అంచుకి తోసి ఉంది.

వడ్డించే బెంగాలీ ఆయన "ఖాన్, ఖాన్, లావు ఖూబ్ భాలో", తినండి, ఆనపకాయ చాలా బాగుంటుంది అని మళ్ళీ వెయ్యబోయాడు. కుర్రవాడు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు విసుగొచ్చి తనలో తను గొణుక్కున్నాడు.

"ఒట్టు బావూ, నాను తిన్ను."

నా చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "నాను" అనే ఆ మాట మా నానమ్మ పోయాక మళ్ళీ వినలేదు.

"ఏటి ఒట్టు?" అన్నాను.

అతను నావైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు. "ఈ కాయి. మా మామ్మ తినొద్దన్నాది. మనింటికి అచ్చిరాదన్నాది."

"మీ ఇంటిపేరేటి?"

"కాయితంలో నేదు. బెవరోళ్ళం అనీది మామ్మ."

మాది బెవరవారి ఇల్లు. నేను విస్తరి ముందునుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా అతని భుజం పట్టుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం మా గ్యాంగు క్వార్టర్సుకి వచ్చాడు. పేరు సైమన్ అప్పలసామి. అప్పలసామి అన్నది అతని తాత పేరు. చెరకు తోటల కూలీల రిజిస్టరులో అదే ఇంటిపేరుగా దిగిపోయింది. దాని నకలు తెచ్చాడు. "అప్పలసామి, తండ్రి తవిటయ్య, ఊరు బిల్లవలస, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ" అని అతను చదువుతుంటే నేను గోడకి ఆనుకున్నాను. ఆ తవిటయ్య మా ముత్తాత. ఆయన పేరే నాకు పెట్టారు.

మా చిన్నతాత అప్పలస్వామి బర్మాలోని రంగం పోయి చచ్చిపోయాడని మా ఇంట్లో అనుకునేవారు. పన్నెండేళ్ళు ఎదురుచూసి, కబురు లేకపోతే మా తాత గడ్డిబొమ్మ చేయించి కాల్చాడు. దినం చేసి ఊరికి భోజనాలు పెట్టాడు. ఆయనేమో రంగం పోలేదు, చావలేదు. ఆఫ్రికా ఓడ ఎక్కి, నేటాలు అనే చోట చెరకు నరుకుతూ పెళ్ళాం పిల్లలతో ఉన్నాడు.

ఈ సంగతి చెబితే సైమన్ పగలబడి నవ్వాడు. "అలగయితే మా తాతని బతికుండగానే కాల్చీసినారా? ఆ దినం ఆయనకి జొరమొచ్చుంటాది అన్నియ్యా!"

వరసకి అతను నాకు తమ్ముడు. నా భార్య జోగమ్మకి మరిది. జోగమ్మకి వరస దొరికితే చాలు, ఇంక మొహమాటం ఉండదు. అతన్ని గుమ్మంలో కూర్చోబెట్టి తలకి నూనె పెట్టింది. దువ్వెన పళ్ళు టపటపా విరిగాయి.

"ఇది తలేటి మరిదీ, తుమ్మకంపా? రెండు దువ్వెన్లు మింగీసినావు. గోల్‌బజార్ అంతా కొన్నా నీకు సాలవు."

"మా కాడ సర్కారోళ్ళు దువ్వెన పెట్టరు ఒదినా, పెన్సిలు పెడతారు. తల్లో గుచ్చి ఊపమంటారు. జారిపోతే ఒక జాబితా, జారకపోతే ఇంకో జాబితా."

జోగమ్మ చెయ్యి ఆగింది. "ఏల?"

"ఎవులు ఏ ఈదిలో ఉండాలో రాయాల గదా. మా అయ్య మనోడు, అమ్మ ఆ దేశం మనిసి. అయ్య ఒక జాబితా, అమ్మ ఒక జాబితా. ఇద్దరూ ఒక ఇంట్లో ఉండకూడదన్నారు. పోలీసులొచ్చినప్పుడల్లా అమ్మ పనిమనిసినని సెప్పీది."

"మరి నిన్నెందులో రాసినారు?"

"నన్ను రాయడానికి కాయితం సాల్లేదు" అని మళ్ళీ నవ్వాడు. జోగమ్మ నవ్వలేదు. మిగిలిన నూనె అంతా అతని తలమీద పోసి, విరిగిన దువ్వెన్తోనే చిక్కు తీసింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చేవాడు. కింద కూర్చుని, మోకాలు మీద కంచం పెట్టుకుని తినేవాడు. మా నానమ్మ తిట్లన్నీ వాడికి వచ్చు. అర్థం తెలియకుండా తిట్టేవాడు. జోగమ్మ నోరు మూసుకుని నవ్వేది. చదువు మాత్రం మానేశాడు. జంషెడ్‌పూర్ నుంచి కలకత్తా దాకా సభలకి తిరిగేవాడు. "ఆళ్ళు ఆడ సచ్చిపోతంటే నాను ఈడ లెక్కలు సేసుకుంటా కూకోనేను అన్నియ్యా" అనేవాడు. ఆ సభల కబుర్లు వాళ్ళ దేశానికి చేరాయి. అక్కడి సర్కారు వాడి పాస్‌పోర్టు చెల్లదనేసింది.

మా అన్నకి మొదటి రోజే చెప్పాను. ఆయన ఆ నకలు చూశాడు, పుట్టుమచ్చ దాకా చదివాడు. "సరేరా, ఈ మాట మనిద్దరి కాడే ఉండనీ" అన్నాడు. ఆ తర్వాత రెండు సభల్లో సైమన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు గానీ ఒక్కసారి కూడా ఇంటికి రమ్మని పిలవలేదు.

వానాకాలం ముదిరాక ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే అన్న కబురు పెట్టాడు. వెళ్ళేసరికి ముందుగదిలో పోలీసు దారోగా టీ తాగుతున్నాడు. వాకిట్లో సైమన్, పక్కన ఒక కానిస్టేబులు. టేబులు మీద మిఠాయి బుట్టలు. మా అన్న కొడుకు వెంకటరావుకి గూడ్స్ క్లార్కు కూతుర్ని ఇస్తామని ఆ వేళే వచ్చి వెళ్ళారు.

దారోగా చెడ్డవాడు కాదు. బెంగాలీలో మెల్లగా విడమరిచి చెప్పాడు. ఈ కుర్రవాడు ఇక్కడ ఉండడానికి ఇచ్చిన కాగితం చదువు కోసం ఇచ్చింది. చదువు లేదు, గడువు అయిపోయింది. ఢిల్లీలో ఉన్న వాళ్ళ దేశపు పోరాట సంఘానికి ఇతను ఉత్తరం రాశాడు, జవాబు రావాలి. ఈలోగా రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఎవరైనా ఇతను మా మనిషి అని సంతకం పెడితే, చుట్టాలింట్లో ఉన్నాడని రాసి ఒక నెల ఆపుతాను. లేకపోతే మంగళవారం కలకత్తా పంపాలి. అక్కణ్ణుంచి వచ్చిన దేశానికే పంపేస్తారు.

వచ్చిన దేశంలో ఏం జరుగుతుందో దారోగాకి కూడా తెలుసు. ఆ మాట చెప్పేటప్పుడు కప్పులోకి చూస్తూ చెప్పాడు.

మా అన్న ఏమాత్రం తడుముకోలేదు. చక్కటి బెంగాలీలో చెప్పాడు. "అప్పలస్వామి అనే ఆయన మా ఇంట్లో ఉండేవాడు దారోగాబాబూ, నిజమే. కుర్రతనంలోనే పోయాడు. మా తాత కర్మ కూడా చేశాడు, ఊరందరికీ తెలుసు. ఆయనకి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు."

దారోగా నావైపు చూశాడు. "తుమి బోలో. ఎ తోమార్ లోక్?" నువ్వు చెప్పు, ఇతను నీ మనిషేనా?

నేను నోరు తెరిచేలోగా అన్న తెలుగులోకి దిగిపోయాడు. "తవిటీ, నోరు కుట్టీసుకో. ఆడి తల సూసినావా, మనోడి తలేనేటి అది? ఆడి తల్లి ఎవులో తెలిస్తే రేపీ గుమ్మం ఎవులైనా తొక్కుతారా? ఆడు నేడు కాకపోతే రేపెల్లిపోతాడు. మనం ఈడే సావాల."

తెలుగులో అన్నాడు, దారోగాకి తెలియకూడదని. వాకిట్లో నిలబడ్డవాడికి ఆ తెలుగు మాకంటే బాగా తెలుసని ఆయనకి గుర్తు లేదు.

సైమన్ మా అన్నవైపు చూడలేదు. నావైపే చూశాడు. ఒక్క మాట. "అవును" అంటే చాలు. నేను మిఠాయి బుట్ట మీద వాలిన ఈగని చూశాను. దారోగా టీ పూర్తి చేసి, కప్పు కింద పెట్టి, ఏదో రాసుకుని లేచాడు.

నన్ను దాటి వెళుతూ సైమన్ అన్నాడు. "పర్లేదు అన్నియ్యా. ఆడ కూడా ఇలగే అడుగుతారు."

నేను అబద్ధం ఆడలేదు, నేనేమీ అనలేదు అని ఇంటికి వచ్చేదాకా నాకు నేనే చెప్పుకున్నాను. జోగమ్మకి ఆ మాటే చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి నాతో మాట్లాడ్డం మానేసింది.

మంగళవారం సైమన్ని పంపలేదు. వాన పట్టుకుంది. ఆకాశానికి కన్నం పడ్డట్టు మూడు రోజులు. కాసాయి, శిలావతి, ఉన్న నదులన్నీ ఒకటైపోయాయి. బాలిచక్ అవతల రైలుకట్ట తెగింది. పట్టాలు గాలిలో ఊయల తాళ్ళలా వేలాడుతున్నాయి. కింద నీళ్ళలో పశువుల శవాలు, ఇళ్ళ కప్పులు, దసరాకి చేస్తున్న ఒక దుర్గమ్మ బొమ్మ వెదురు చట్రం, మీద మట్టి ఇంకా ఎండనిది. హౌరావైపు బండి లేదు. టపా లేదు. సైమన్ లాకప్పులో, వాడి జవాబు ఢిల్లీలో ఎక్కడో.

గ్యాంగులన్నిటినీ కట్ట మీదకి తోలారు. పది రోజులు నడుం లోతు నీళ్ళలో రాళ్ళు పోశాం, స్లీపర్లు గూళ్ళుగా పేర్చి నిలబెట్టాం. నా పని నాకు వచ్చు. ఎన్నడూ ఒక కీ వదులుగా వదిలింది లేదు. మొదటి నాలుగు రోజులూ కట్ట గురించే ఆలోచించాను. ఐదో రోజు బుట్ట ఎత్తుతుంటే తెలిసింది, నేను పోసేది ఎవరి దారో. చేతిలో బుట్ట ఉంది, దించితే వెనకవాడి కాలి మీద పడుతుంది. పోశాను. ఇంకోటి పోశాను.

గురువారం సాయంత్రానికి పట్టా పడింది. మా గ్యాంగు మీద పెత్తనం చేసే మేట్, దేముడు, బీడీ ముట్టించుకుంటూ అన్నాడు. "రేపు పొద్దున్న మొదటి బండి. ఇన్నావా తవిటీ, మీ నల్లదొరని అందులోనే తోలుతారంట. ఇద్దరు దొంగల్నీ, ఆణ్ణీ. కానిస్టేబులు సెప్పినాడు. అయితే ఏటిరా, ఆడు నిజంగా మీ ఓడేనా?"

నేను సుత్తి తీసుకుని ట్రాలీ ఎక్కి ఇంటికి వచ్చేశాను.

జోగమ్మ కంచం పెట్టింది. అన్నం, పక్కన కూర. లేతపచ్చ ముక్కలు, మీద ఆవపిండి. ముందు నాకు తెలియలేదు. తెలిసిన తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. మా పొయ్యి మీద ఆనపకాయ ఎప్పుడూ ఉడకలేదు.

"ఏటి సూస్తన్నావు?" పదిహేను రోజుల తర్వాత ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. "పక్కింటి ఎస్తేరమ్మ పాదుకి కాసినాది. తిను."

"మనకి ఒట్టు."

"ఎవులికి ఒట్టు? బెవరోళ్ళకి. ఈ భూమ్మీద ఇంకెవులికీ లేదు. ఆ గుంటడు సముద్రం అవతల పుట్టి కూడా ఆ ఒట్టు మోసుకొచ్చినాడు. ఆడు మనోడు కాడని అన్నదమ్ములు తేల్చినారు గదా! ఆడిది అబద్దమయితే ఈ ఒట్టూ అబద్దమే. తిను మరి!"

"నేను అనలేదే, కాడని."

"అవును." ఆమె నా ముందు గొంతుక్కూర్చుంది. "నువ్వేటీ అనలేదు. దండేసినోడు కాడన్నాడు, నువ్వేటీ అనలేదు. ఆ తెల్లోళ్ళయినా నయం, ఆళ్ళు పెన్సిలు పెట్టి సూస్తారు. మీరు తెలిసీ తోసీసినారు. కూర సల్లారిపోతన్నాది."

కంచంలోంచి ఆవిరి వస్తోంది. నాకు కళ్ళు మండాయి. ఆవపిండి ఘాటు అనుకున్నాను. కంచం పక్కకి జరిపి లేచి, తిన్నగా దేముడు ఇంటికి వెళ్ళాను.

"రేపు జెండా నేను పడతాను" అన్నాను.

దేముడు మంచం మీద లేచి కూర్చున్నాడు. "నువ్వా? నోరు తెరిసి పని అడిగినావా? ఇంక వరద రాదేటి మరి!"

తెల్లవారి కట్ట మీద నేనే ఉన్నాను. తెగాక కొత్తగా పోసిన కట్ట మీద బండి ఊరికే పోవడానికి లేదు. ముందు ఎర్రజెండా పాతి ఉంటుంది. అక్కడ బండి పూర్తిగా ఆగాలి. జెండా మనిషి ఇంజను దగ్గరికి వెళ్ళి పుస్తకం ఇవ్వాలి, ఆగానని డ్రైవరు అందులో సంతకం పెట్టాలి. అప్పుడు ఎర్రజెండా పీకి పచ్చజెండా చూపిస్తే మనిషి నడకన బండి కదలాలి. రూలు అది. పచ్చజెండా చూపకుండా ఏ డ్రైవరూ కదలడు.

ఏడున్నరకి బండి వచ్చింది, ఆగింది. డ్రైవరు సంతకం పెట్టి పుస్తకం నా చేతికి ఇచ్చాడు. "చలో భాయ్, ఝండీ దిఖావ్" అని పచ్చజెండా చూపించమన్నాడు.

నేను పుస్తకం తీసుకుని బండి వెనకవైపు నడిచాను.

"అరే, కిధర్?" అని అరిచాడు.

కట్ట ఇరుకు. పెట్టెలకి వీపు ఆనించి ఒక్కో కిటికీ చూసుకుంటూ వెళ్ళాను. మూడో పెట్టెలో కిటికీ పక్కనే ఉన్నాడు. గడ్డం పెరిగింది. నడుముకి తాడు, దాని కొస ముసలి కానిస్టేబులు చేతిలో. నన్ను చూసి సైమన్ లేవబోయాడు, తాడు లాగింది.

నేను కానిస్టేబులుకి బెంగాలీలో చెప్పాను. పెట్టె అంతా వినేలా చెప్పాను. "ఇతను నా తమ్ముడు. మా చిన్నతాత మనవడు. బెవరవాడు. మొన్న అడిగితే చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. రాసుకో."

"ఇప్పుడు నాకెందుకు చెబుతావు? కలకత్తాలో చెప్పుకో" అన్నాడు కానిస్టేబులు.

డ్రైవరు సంతకాల పుస్తకం మోకాలి మీద పెట్టి, తెల్లకాగితం తిప్పి రాశాను. నాకు రాయడం నెమ్మది. 'బెవర తవిటయ్య తమ్ముడు బెవర సైమన్.' కింద నా సంతకం. అది రాసేలోగా ఇంజను మూడుసార్లు కూసింది. కాగితం చింపి కిటికీలోంచి ఇచ్చాను. రైల్వే పుస్తకం చింపితే ఏమవుతుందో నాకు తెలుసు.

కానిస్టేబులు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఏం భాషో నాకేం తెలుసు? నేనేం చెయ్యాలి?"

"దారోగాకి ఇవ్వు. వీణ్ణి వెనక్కి తీసుకెళ్ళు."

"నాకు ఆర్డరు కలకత్తాకి."

"అయితే బండి కలకత్తా వెళ్ళదు."

పెట్టెలో జనం లేచి నిలబడ్డారు. సైమన్ కిటికీ ఊచలు పట్టుకుని కిందికి వంగాడు. "అన్నియ్యా, ఒద్దు. నీ పని పోద్ది."

"పోనీ" అన్నాను.

వెనక్కి నడిచి ఇంజను ముందుకి వచ్చాను. పాతి ఉన్న ఎర్రజెండా పక్కన రెండోది కూడా పాతాను. పచ్చజెండా కర్రనుంచి ఊడదీసి, చుట్ట చుట్టి మొలలో దోపుకున్నాను. నేను పోసిన కట్ట మీద, నేను బిగించిన పట్టా మీద ఇంజనుకి ఎదురుగా కూర్చున్నాను. డ్రైవరు దిగి వచ్చి లెమ్మన్నాడు. గార్డు వచ్చి లెమ్మన్నాడు. ఎందుకు కూర్చున్నావురా, చెప్పవేం అని ఇద్దరూ అరిచారు.

నేనేమీ అనలేదు. నాకు అది అలవాటే.